చివరి అంకెకు పూచీ ఎవరిది?

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.463919 మిల్లీగ్రాములు. లెక్కలో తప్పేమీ లేదు, క్యాలిక్యులేటర్ తెర మీద అలాగే కనిపించింది. అయినా ఆ అంకె ఉన్న రిపోర్టు మీద నేను సంతకం పెట్టను. దాన్ని 1.46 చేసి, పక్కన ‘ప్లస్ ఆర్ మైనస్ 0.06’ అని రాస్తేనే పెడతాను. కొత్తగా చేరిన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. “ఉన్న అంకెలు తీసేసి, పైగా అనుమానం కూడా రాసిస్తే రిపోర్టు విలువ తగ్గిపోదా మేడం?” అని అడుగుతారు. విలువ పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను నల్లగొండ జిల్లాలో నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు అదే పని కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. మర్రిగూడ, మునుగోడు, చండూరు పేర్లు వింటే ఈ జిల్లాలో పెరిగిన ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. నేల కింద ఉన్న గ్రానైటు రాయిలోని ఖనిజాల నుంచి అది బోరు నీళ్లలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే పళ్ల మీద గోధుమరంగు గారలు పడతాయి. మోతాదు మరీ ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిపోతుంది. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న నెల్లూరు జిల్లాలో. అంటే ఇది తెలుగు నేల చాలాకాలంగా మోస్తున్న బరువు.

తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.0 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకూ ఒప్పుకుంటారు. నీళ్లలో 0.3 వచ్చినా, 6 వచ్చినా ఎవరికీ అనుమానం ఉండదు. 1.46 వచ్చినప్పుడే అసలు పరీక్ష. అప్పుడు పరీక్షకు నిలబడేది నీళ్లే కాదు, ఆ అంకె రాసిన మనిషి కూడా.

ఒక్క మిల్లీవోల్టు

ఫ్లోరైడ్‌ను మేం ఎక్కువగా ఎలక్ట్రోడ్‌తో కొలుస్తాం. అది పెన్నులాంటి కడ్డీ, దాని కొసన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికపు చిన్న బిళ్ల ఉంటుంది. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దీన్ని తయారుచేసి చూపించారు. నీటిలో ముంచితే అది ఫ్లోరైడ్ ఎంతుందో నేరుగా చెప్పదు. కొన్ని మిల్లీవోల్టులు చూపిస్తుంది, అంతే. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ పదింతలైతే ఆ రీడింగ్ 59.16 మిల్లీవోల్టులు పడిపోవాలని సిద్ధాంతం. వాడుకలో ఉన్న ఎలక్ట్రోడ్ ఆ లెక్కకు కాస్త తక్కువగానే నడుస్తుంది. అందుకే ముందు బలం తెలిసిన ద్రావణాలు, అంటే స్టాండర్డులు పెట్టి, ఆ రోజు ఎలక్ట్రోడ్ ఎలా నడుస్తోందో చూసుకుంటాం.

పిల్లలకు నేను చేయించే లెక్క ఒకటుంది. లీటరుకు 1.00 మిల్లీగ్రాము ఉన్న స్టాండర్డుకు రీడింగ్ 112.0 మిల్లీవోల్టులు అనుకుందాం. 10.0 మిల్లీగ్రాములున్న స్టాండర్డుకు 54.0 వచ్చింది. పదింతలకు తేడా 58.0 అన్నమాట. ఇప్పుడు ఒక ఊరి బోరు నీళ్లు పెడితే 102.4 చూపించింది. 112.0లోంచి 102.4 తీసేస్తే 9.6. దాన్ని 58.0తో భాగిస్తే 0.165517. ఇది లాగరిథమ్ విలువ. దీన్నుంచి అసలు విలువకు వస్తే 1.463919.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. తర్వాత నేను అడిగేది వేరు. ఎలక్ట్రోడ్‌ను కడిగి, తుడిచి, అవే నీళ్లలో మళ్లీ పెట్టండి అంటాను. ఈసారి 102.4 రాదు. 101.7 రావచ్చు, 103.1 రావచ్చు. కలిపే వేగం మారినా, గది వేడెక్కినా, స్ఫటికం మీద ఒక చిన్న గాలి బుడగ నిలిచినా రీడింగ్ కదులుతుంది. ఒక మిల్లీవోల్టు అటూ ఇటూ ఊగడం మామూలే. అయితే ఆ ఒక్క మిల్లీవోల్టు ఫ్లోరైడ్‌లో ఎంత అవుతుంది? దాదాపు 4 శాతం. 103.4 పెట్టి లెక్కేస్తే 1.41 వస్తుంది. 101.4 పెడితే 1.52 వస్తుంది. ఒకటి 1.5 హద్దుకు లోపల, ఇంకొకటి బయట. నీళ్లు మాత్రం అవే, సీసా కూడా అదే.

ఇప్పుడు మళ్లీ 1.463919 వైపు చూడండి. మొదటి 1 గట్టిది. 4 కూడా చాలావరకు నమ్మదగ్గదే. 6 దగ్గరికి వచ్చేసరికి అనుమానం మొదలైంది. దాని తర్వాత ఉన్న 3, 9, 1, 9 నీళ్లలోంచి వచ్చినవి కావు, భాగహారంలోంచి వచ్చినవి. అవి ఆ ఊరి బోరు గురించి మనకు చెప్పేదేమీ లేదు. గట్టి అంకెలన్నీ ఉంచి, అనుమానం మొదలైన మొదటి అంకెను కూడా ఉంచి, మిగతావి వదిలేస్తాం. అలా ఉంచినవాటినే సార్థక అంకెలు అంటారు. మన లెక్కలో 1, 4, 6, మొత్తం మూడు.

పంచాయితీలో మంచి సాక్షి తాను కళ్లారా చూసినంత వరకే చెప్పి ఆగుతాడు. మిగతాది కల్పిస్తే అతను చూసిన నిజం కూడా ఎవరూ నమ్మరు. రిపోర్టులో చివరి అంకె కూడా అలాంటి సాక్ష్యమే. అక్కడిదాకా నాకు పూచీ ఉందని చెప్పడమే దాన్ని రాయడం.

సున్నాకూ బరువుంది

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ పుస్తకంలో ఈ నియమాలన్నీ ఉంటాయి. పరీక్షకు బట్టీ పట్టి తర్వాత మరిచిపోతారు. వాటి అవసరం తెలిసేది చేతిలో పని ఉన్నప్పుడే.

ఫ్లోరైడ్ స్టాండర్డు తయారీనే తీసుకోండి. తేమ లేకుండా ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్‌ను 0.2210 గ్రాములు తూచి, లీటరు నీళ్లలో కరిగించాలి. అప్పుడు లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం వస్తుంది. ఆ 0.2210లో మొదటి సున్నా కేవలం దశాంశ బిందువుకు తోడు. దాని వల్ల మనకు తెలిసేదేమీ లేదు. చివరి సున్నా అలాంటిది కాదు. గ్రాములో పదివేలో వంతు వరకూ చూడగల బ్యాలెన్సు మీద తూచామని, ఆ స్థానంలో సున్నాయే కనబడిందని అది చెబుతోంది. “చివర సున్నాయే కదా” అని 0.221 అని రాసుకుంటే ఆ సమాచారం పోతుంది. తర్వాత పుస్తకం చూసే మనిషి, ఇది తక్కువ స్థాయి బ్యాలెన్సు మీద తూచారేమో అనుకుంటాడు.

ఇదే పదార్థాన్ని గ్రాములో నూరో వంతు వరకే చూపే త్రాసు మీద తూస్తే ఏమవుతుంది? 0.22 అని చూపిస్తుంది. అసలు బరువు 0.215 నుంచి 0.225 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే 2 శాతం పైగా అటూ ఇటూ. ఆ సీసాలోంచి తీసిన స్టాండర్డులతో పరీక్షించిన ప్రతి ఊరి నీళ్లకూ ఆ తప్పు అంటుకుంటుంది. నూరు ఊళ్లయినా అంతే, అన్నింటికీ ఒకే వైపుకు అంటుకుంటుంది.

చివర సున్నాలున్న పూర్ణ సంఖ్యలతో ఇంకో చిక్కు. నీళ్లలో కరిగిన లవణాలు 1500 మిల్లీగ్రాములు అని రాస్తే, ఆ రెండు సున్నాలూ కొలిచినవా, స్థానం నింపడానికి పెట్టినవా? చూసేవాళ్లకు తెలియదు. 1.5 ఇంటూ పది క్యూబ్ అని ఘాతాలతో రాసే పద్ధతి శాస్త్రజ్ఞులకు ఎందుకు ఇష్టమో ఇక్కడ అర్థమవుతుంది. 1.5 × 10³ అంటే రెండు అంకెలకే పూచీ. 1.500 × 10³ అంటే నాలుగింటికీ పూచీ.

గుణకారం, భాగహారం చేసేటప్పుడు అన్నిటికంటే తక్కువ సార్థక అంకెలున్న సంఖ్య ఎన్ని అంకెలిస్తే జవాబుకూ దాదాపు అన్నే ఉంచాలి. కూడికలు, తీసివేతల్లో చూడాల్సింది అంకెల లెక్క కాదు, దశాంశ స్థానాల లెక్క. ఈ రెండో నియమాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మా పనిలో మాత్రం అదే ముఖ్యం.

నీటిలో కరిగిన లవణాలను తూకంతో కొలిచే పద్ధతిలో ముందు ఖాళీ గిన్నెను తూస్తాం. 52.3003 గ్రాములు అనుకోండి. అందులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఆవిరి చేసి, ఆరబెట్టి, చల్లార్చి మళ్లీ తూస్తాం. 52.3448 వచ్చింది. రెండు బరువుల్లోనూ ఆరేసి సార్థక అంకెలున్నాయి. తీసేస్తే మిగిలేది 0.0445. ఆరు అంకెలు ఒక్క తీసివేతతో మూడైపోయాయి. లీటరుకు 445 మిల్లీగ్రాములు. ఇప్పుడు గిన్నె సరిగా చల్లారకపోయినా, గాలిలోని తేమ పీల్చుకున్నా తూకంలో 0.0005 గ్రాముల తేడా వస్తే, గిన్నె బరువుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. ఫలితంలో మాత్రం లీటరుకు 5 మిల్లీగ్రాములవుతుంది. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా మీద ఆధారపడే ఏ లెక్కలోనైనా ఇంత జాగ్రత్త కావాలి.

తొందరపడి కుదించొద్దు

అంకెలు ఎక్కువ రాయొద్దన్నానని, లెక్క మధ్యలోనే వాటిని కోసేయడం మొదలుపెడతారు కొందరు పిల్లలు. ఇది మొదటిదాని కంటే ప్రమాదం.

మన ఫ్లోరైడ్ లెక్కలో 9.6ను 58.0తో భాగిస్తే 0.165517 వచ్చింది కదా. “9.6లో రెండే అంకెలున్నాయి కాబట్టి 0.17 చాలు” అని అక్కడే రౌండ్ చేస్తే ఫలితం 1.48 అవుతుంది. ఇంకా ముందుకెళ్లి 0.2 అనేస్తే 1.58 అవుతుంది. 1.46 ఉన్న నీళ్లు కాగితం మీద హద్దు దాటిపోయాయి. వాటిని దాటించింది మన తొందరే. లాగరిథమ్‌లో దశాంశ బిందువు తర్వాత ఉండే ఒక్కో అంకె చాలా బరువు మోస్తుంది.

కాబట్టి నేను నేర్పే పద్ధతి సూటిగా ఉంటుంది. లెక్క నడుస్తున్నంతసేపూ అంకెలన్నీ ఉండనివ్వండి. రౌండ్ చేసేది ఒక్కసారే, చిట్టచివర. అది కూడా ముందు అనిశ్చితి ఎంతో, అంటే అసలు విలువ ఎంత అటూ ఇటూ ఉండొచ్చో, తేల్చుకున్నాకే. అనిశ్చితిని ఒకటి లేదా రెండు అంకెలకు రౌండ్ చేయండి. అది ఏ దశాంశ స్థానంలో ఆగిందో, ఫలితాన్ని కూడా అక్కడే ఆపండి. ఆ ఒక్క మిల్లీవోల్టు ఊగిసలాట వల్ల వచ్చే 0.06 రెండో స్థానంలో ఆగింది, కాబట్టి 1.46 కూడా అక్కడే ఆగుతుంది. సార్థక అంకెల నియమాలన్నీ ఈ పనికి దగ్గరి దారులే. అనిశ్చితిని పక్కనే స్పష్టంగా రాయగలిగినప్పుడు ఆ దగ్గరి దారుల అవసరం కూడా అంతగా ఉండదు.

2.3 దగ్గర ఆగి ఉంటే

అంకెలు తగ్గించమని చెప్పే నేను, తగ్గించకూడని చోటు కూడా ఒకటి చూపించాలి. రసాయన శాస్త్రంలో దీనికి మించిన కథ నాకు తెలియదు.

1890ల మొదట్లో ఇంగ్లండులో లార్డ్ రేలీ వాయువుల సాంద్రతలు కొలుస్తున్నాడు. ఒక గాజు గోళాన్ని నైట్రోజన్‌తో నింపి తూచేవాడు. గాలిలోంచి ఆక్సిజన్‌ను తీసేస్తే మిగిలిన నైట్రోజన్ బరువు సగటున 2.3102 గ్రాములు వచ్చింది. ఆక్సిజన్‌ను వేడి రాగితో తీసినా, వేడి ఇనుముతో తీసినా, ఇనుప హైడ్రేటుతో తీసినా అదే. రసాయన సమ్మేళనాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ బరువు మాత్రం సగటున 2.2993 గ్రాములు. తేడా 0.0109 గ్రాములు. రెండు వందల్లో ఒక వంతు.

ఈ రెండింటినీ రెండు సార్థక అంకెలకు రౌండ్ చేసి చూడండి. ఇదీ 2.3, అదీ 2.3. సమస్యే లేదు! కానీ రేలీకి తన త్రాసు సంగతి తెలుసు. ఒకే రకం నైట్రోజన్‌ను వేర్వేరు దారుల్లో తయారుచేసినా అతని తూకాలు వెయ్యికి ఒక వంతు కూడా తేడా రాకుండా కలుస్తున్నాయి. గాలి నైట్రోజన్‌లో ఆ మూడు దారులూ 2.3100, 2.3102, 2.3103 ఇచ్చాయి. మూడింటి మధ్య ఊగిసలాట 0.0003 మాత్రమే. అలాంటప్పుడు 0.0109 తేడా పొరపాటు కాజాలదు, అందులో ఏదో విషయం ఉంది. తన అనిశ్చితి ఎంతో తెలిసినవాడు కాబట్టే ఆ తేడాను అంత గట్టిగా నమ్మగలిగాడు.

రేలీ 1892లోనే ‘నేచర్’ పత్రికకు లేఖ రాసి, ఈ తేడాకు కారణం ఎవరికైనా తడితే చెప్పమని అడిగాడు. తర్వాత విలియం రామ్సే తోడయ్యాడు. 1894లో ఇద్దరూ కలిసి గాలిలో అప్పటిదాకా ఎవరూ గుర్తించని వాయువు ఉందని ప్రకటించారు. అదే ఆర్గాన్. మనం పీల్చే గాలిలో దాదాపు నూటికి ఒక వంతు అదే. 1904లో రేలీకి భౌతిక శాస్త్రంలో, రామ్సేకి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

దీని వెనక ఇంకొక ముచ్చట ఉంది. 1785లోనే హెన్రీ కావెండిష్ గాలిలోని నైట్రోజన్‌నంతా రసాయన చర్యతో తీసేయడానికి ప్రయత్నించి, ఎంత చేసినా ఒక చిన్న బుడగ మిగిలిపోతోందని గమనించాడు. అది మొత్తంలో 120వ వంతుకు మించదని రాసిపెట్టాడు. దాన్ని ‘ఏమీ లేదు’ అని కొట్టిపారేయకుండా ఎంత ఉందో రాశాడు. నూరేళ్ల తర్వాత ఆ రాత పనికొచ్చింది. పిల్లల రికార్డు పుస్తకాల్లో తేడాగా వచ్చిన రీడింగ్‌ను కొట్టేసి ఉండటం చూసినప్పుడల్లా నేను ఈ కథ చెబుతాను. కొట్టేసే ముందు, ఆ తేడా మీ అనిశ్చితిలో ఇమిడేదేనా కాదా అని అడగండి. ఇమడకపోతే దాని వెనక పడండి.

అన్నీ ఒకేలా వచ్చినా

రీడింగ్‌లు ఊగుతున్నప్పుడు మందు తేలికే, ఎక్కువసార్లు కొలవడం. నాలుగుసార్లు కొలిచి సగటు తీస్తే ఊగిసలాట వల్ల వచ్చే అనిశ్చితి సగానికి తగ్గుతుంది. తొమ్మిదిసార్లు కొలిస్తే మూడో వంతు అవుతుంది. ఎన్నిసార్లు కొలిచామో దాని వర్గమూలం చొప్పున తగ్గుతుంది. అటూ ఇటూ ఊగే ఇలాంటివి యాదృచ్ఛిక దోషాలు.

ఒకే వైపుకు లాగే దోషాలకు ఈ మందు పనిచేయదు. పాఠ్యపుస్తకాలు వీటిని క్రమదోషాలు అంటాయి. మా జిల్లా పేరుతోనే ఒక ఉదాహరణ ఉంది. ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపే పద్ధతి ఒకటి రూపొందించింది. దాన్ని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. పటికలో అల్యూమినియం ఉంటుంది. శుద్ధి చేసిన నీళ్లలో అది కొంచెం మిగిలితే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది. అలా బంధించిన ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్ చూడలేదు, విడిగా ఉన్నదాన్నే చూస్తుంది. అందుకే కొలిచే ముందు నీళ్లలో టిసాబ్ అనే బఫర్ కలుపుతాం. అందులో ఉన్న రసాయనం అల్యూమినియాన్ని తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. ఆ బఫర్ కలపకుండా పదిసార్లు కొలవండి. పదిసార్లూ చక్కగా ఒకే రీడింగ్ రావచ్చు. పదిసార్లూ ఉన్నదాని కంటే తక్కువే చూపిస్తుంది. సగటు అందంగా ఉంటుంది, ఊగిసలాట లేదని మనం మురిసిపోతాం. ఆ నీళ్లు తాగే పిల్లలకు మాత్రం ఎక్కువ ఫ్లోరైడ్ వెళుతూనే ఉంటుంది.

ఇలాంటి దోషం మహామహుల చేతుల్లో కూడా దాక్కోగలదు. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని నూనె బిందువులతో కొలిచిన రాబర్ట్ మిల్లికాన్ 1913లో 4.774 అని ఇచ్చాడు, అనిశ్చితి 0.009 అన్నాడు. అప్పటి ప్రమాణాల్లో పదికి మైనస్ పదో ఘాతంతో గుణించాల్సిన విలువ అది. ఇప్పుడు మనకు తెలిసిన విలువ 4.803. అంటే అతను చెప్పిన అనిశ్చితికి మూడింతల దూరంలో ఉంది నిజం. బిందువులను చూడటంలో లోపం లేదు. లెక్కలో వాడిన గాలి స్నిగ్ధత విలువ కొంచెం తక్కువ, అంతే. ఎన్ని వేల బిందువులను చూసినా ఆ దోషం పోయేది కాదు.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. 1974లో కాల్‌టెక్ విద్యార్థులతో మాట్లాడుతూ రిచర్డ్ ఫైన్‌మన్ దీన్ని గుర్తుచేశాడు. మిల్లికాన్ తర్వాత కొలిచినవాళ్లు ఒక్కసారిగా సరైన విలువకు రాలేదట, కొద్దికొద్దిగా పైకి జరుగుతూ వచ్చారట. తమకు వచ్చిన విలువ మిల్లికాన్ విలువకు దూరంగా ఉంటే తప్పు కోసం వెతికారు. దగ్గరగా ఉంటే వెతకలేదు. పెద్ద పేరున్న అంకె పక్కన మన అంకె తేలిపోతున్నట్టు అనిపించడం సహజం. అందుకే నేను పిల్లలకు ముందు రోజు ఫలితం చూపించకుండానే రీడింగ్ తీయిస్తాను.

ఇంట్లో కనిపించే అంకెలు

ఇదంతా ల్యాబ్ గోల అనుకోకండి. జ్వరం చూసే థర్మామీటర్ మీద 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు వేడి అని మనందరికీ తెలుసు. ఆ .6 ఎక్కడిది? 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్లిష్ వేలాది రోగుల ఉష్ణోగ్రతలు చూసి, 1868లో మామూలు వేడి 37 డిగ్రీల సెల్సియస్ అన్నాడు. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే సరిగ్గా 98.6 వస్తుంది. రెండంకెల 37 ప్రమాణం మారగానే మూడంకెల 98.6 అయి కూర్చుంది. ఆరోగ్యవంతుల వేడి మనిషి మనిషికీ, ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది. 1992లో అమెరికాలో కొలిచి చూస్తే సగటు 98.2 దగ్గర వచ్చింది. అందుకని 98.9 చూసి కంగారు పడే తల్లికి ఆ దశాంశం ఎలా పుట్టిందో తెలియాలి.

షుగర్ చూసుకునే చిన్న మీటర్ ఇంకా దగ్గరి ఉదాహరణ. ఈ మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, రక్తంలో గ్లూకోజు 100 లేదా ఆపైన ఉన్నప్పుడు నూటికి 95 రీడింగ్‌లు ల్యాబ్ విలువకు 15 శాతం లోపల ఉంటే చాలు. అంటే అసలు విలువ 140 ఉన్నప్పుడు మీటర్ 119 చూపినా, 161 చూపినా ఆ ప్రమాణానికి లోబడే ఉన్నట్టు. పొద్దున 142, మర్నాడు 150 వచ్చిందని తిండి మానేసేవాళ్లను, మాత్ర సొంతంగా పెంచుకునేవాళ్లను నేను చూశాను. ఆ ఎనిమిది పాయింట్ల తేడా శరీరంలో జరిగిందో, మీటర్‌లో జరిగిందో ఒక్క రీడింగ్‌తో ఎవరూ చెప్పలేరు. చాలా రోజుల రీడింగ్‌లు వరసగా పెరుగుతున్నాయా లేదా అన్నది చూడాలి, డాక్టరుకు అదే చూపించాలి.

తాగొచ్చా, వద్దా?

ఊళ్లకు వెళ్లినప్పుడు సర్పంచులు, ఆశా కార్యకర్తలు అడిగేది ఒక్కటే. “గివన్నీ మాకెందుకు మేడం, నీళ్లు తాగొచ్చా వద్దా, గదొక్కటి చెప్పుండ్రి.” న్యాయమైన ప్రశ్న. దానికి అనిశ్చితి అడ్డు వస్తుందని అనుకుంటారు గానీ, సరైన జవాబు దాని వల్లే దొరుకుతుంది.

1.46, ప్లస్ ఆర్ మైనస్ 0.06 అంటే అసలు విలువ 1.40, 1.52ల మధ్య ఉండే అవకాశం ఎక్కువ. హద్దు 1.5 ఆ మధ్యలోనే పడింది. కాబట్టి ‘పాస్’ అని ముద్ర వేయడానికి వీల్లేదు, ‘ఫెయిల్’ అని భయపెట్టడానికీ వీల్లేదు. మరి ఏం చెప్పాలి? ఇది అంచున ఉన్న బోరు. ఎండాకాలంలో నీటిమట్టం పడిపోయాక మళ్లీ శాంపిల్ తేవాలి. ఈలోగా పసిపిల్లలకు, గర్భిణులకు కుళాయి నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో ఇవ్వాలి. ఇలా చెబితే సర్పంచుకు చేయాల్సిన పని తెలుస్తుంది. అదే బోరుకు 1.10, ప్లస్ ఆర్ మైనస్ 0.05 వచ్చి ఉంటే, 1.5 లోపలే ఉందని ధైర్యంగా చెప్పేదాన్ని. 1.90, ప్లస్ ఆర్ మైనస్ 0.08 అయితే తాగొద్దని అంతే ధైర్యంగా చెప్పేదాన్ని. ఎప్పుడు గట్టిగా మాట్లాడాలో, ఎప్పుడు మళ్లీ కొలవాలో చెప్పేది ఆ రెండో అంకే.

గుర్తింపు పొందిన ల్యాబ్‌లు పాటించే ఐఎస్ఓ 17025 ప్రమాణం అనిశ్చితిని లెక్కగట్టి తీరాలంటుంది. 2017లో వచ్చిన దాని కొత్త కూర్పు, హద్దుకు లోపలా బయటా అని తీర్పు చెప్పేటప్పుడు అనిశ్చితిని ఎలా పరిగణించారో కూడా చెప్పాలంటుంది. అయినా ఊరి చేతికి అందే కాగితం మీద అది కనిపించడం అరుదు. ‘జనానికి అర్థం కాదు’ అనేది మామూలుగా వినిపించే కారణం. నేను ఒప్పుకోను. వానకు ఎదురుచూసి విత్తనం వేసే రైతుకు, ‘ఇంత రావచ్చు, ఇంతకు తగ్గొచ్చు’ అనే మాట అర్థం కాకపోవడమేంటి? అతను బతుకంతా ఆ లెక్కలోనే నడుపుతాడు. అర్థం కానిది మనం రాసే తీరు.

కాబట్టి నా కోరిక ఇది. ఊరికిచ్చే ప్రతి నీటి రిపోర్టులో ఫలితం గడి పక్కన ఇంకొక గడి ఉండాలి. అందులో ఎంత అటూ ఇటూ ఉండొచ్చో తెలుగులో రాయాలి. దాని కింద ఒక వాక్యంలో అంచున ఉందా, లోపల ఉందా, దాటిందా చెప్పాలి. కాలేజీ ప్రాక్టికల్స్‌లో పుస్తకంలోని విలువకు దగ్గరగా వచ్చిన జవాబుకు కాకుండా, తన కొలత ఎంతవరకు నమ్మదగ్గదో సరిగా చెప్పిన జవాబుకు మార్కులివ్వాలి. అలా పెరిగిన పిల్లలు రేపు ల్యాబ్‌లో కూర్చుంటే, తమకు తెలిసినంత మేరకే రాస్తారు, రాసినదానికి కట్టుబడి ఉంటారు. ఒక ఊరు తాగే నీళ్ల మీద సంతకం పెట్టే మనిషికి ఉండాల్సిన మొదటి అర్హత అదే.